మొదటి ఉద్యోగం: చౌటుప్పల్ కంపెనీలో షిఫ్టు పనికి చేరాలా, గ్రూప్స్ కోసం మరో ఏడాది ఆగాలా?

నార్కట్‌పల్లి పిలగాడు

అందరికీ నమస్కారం. నేను 2023లో నల్లగొండలో కెమిస్ట్రీతో బీఎస్సీ పూర్తి చేశాను. ఆ తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఇంకో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటూ గ్రూప్-2కు, గ్రూప్-3కి చదివాను. రెండు పరీక్షలూ రాశాను కానీ ఉద్యోగం వచ్చేంత మార్కులు రాలేదు. నాన్నకు మూడెకరాల భూమి ఉంది. అందులో ఎకరంన్నర బత్తాయి తోట ఉండేది. బోరు ఎండిపోయిన తర్వాత సగం చెట్లు పోయాయి. చెల్లె ఈ యేడు డిగ్రీలో చేరింది. గదికీ మెస్సుకూ నాన్న పంపే డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిసిన తర్వాత మళ్లీ అడగడానికి నోరు రావడం లేదు.

పోయిన వారం చౌటుప్పల్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూ చేసి నన్ను ఎంపిక చేశారు. ఇచ్చిన కాగితంలో ఏడాదికి 2,41,176 రూపాయలు అని, హోదా దగ్గర "ట్రైనీ కెమిస్ట్" అని ఉంది. ఏ విభాగమో రాయలేదు. మూడు షిఫ్టులు ఉంటాయట. రెండేళ్ల బాండు రాయాలని, ఒరిజినల్ మెమోలు ఆఫీసులో అప్పగించాలని నోటిమాటగా చెప్పారు. నెలకు ఇరవై వేలు వస్తాయని అమ్మకు ఇప్పటికే చెప్పేశాను. చేరాలా, లేక అప్పో సప్పో చేసి ఇంకో ఏడాది గదిలోనే కూర్చోవాలా అనేది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

పాలమూరు మేస్త్రీ మనుమడు

తమ్మీ, మిగతా సంగతులకు ముందు ఒక్క మాట అడుగుతాను. ఈ ఉద్యోగానికి మధ్యలో ఎవరైనా డబ్బు అడిగారా? కన్సల్టెన్సీ ఫీజు అనో, యూనిఫాం డిపాజిట్ అనో, ట్రైనింగ్ చార్జీ అనో ఏ పేరుతో అడిగినా సరే చెప్పు. అడిగి ఉంటే ఇక్కడితో ఈ చర్చ ముగించి ఇంటికి వెళ్లవచ్చు.

ఇలా ఎందుకు అడుగుతున్నానంటే మా తాత మేస్త్రీ. మక్తల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులను జమచేసి బొంబాయికీ పుణేకూ మట్టిపనికి తీసుకుపోయేవాడు. ఆ పద్ధతిలో ఎన్ని అన్యాయాలు ఉన్నాయో మా ఇంట్లో వాళ్లకు తెలిసినంత బయటివాళ్లకు తెలియదు. అయినా ఆ రోజుల్లో మేస్త్రీయే కూలీకి అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. నేను ఇంజినీరింగ్ చదివి 2016లో అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి నేనే ఎదురు డబ్బు కట్టి, చేయని ఉద్యోగానికి మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితం తీసుకున్నాను. చేరిన నాలుగో నెలలో కంపెనీ వాళ్లు వెరిఫికేషన్ చేశారు, అయిదో నెలలో బయటికి పంపారు. డబ్బు పోయింది, దాంతోపాటు ఆ అయిదు నెలల అసలు అనుభవాన్ని కూడా ఎక్కడా చూపించుకోలేకపోయాను.

నార్కట్‌పల్లి పిలగాడు

లేదన్నా, ఎవరూ డబ్బు అడగలేదు. కంపెనీ గేటు దగ్గర నోటీసు చూసి నేనే నేరుగా వెళ్లాను.

జడ్చర్ల ల్యాబు అన్న

నేరుగా వెళ్లడమే మంచిదైంది. నేను పోలేపల్లి సెజ్‌లో పదకొండేళ్లుగా క్వాలిటీ కంట్రోల్‌ (క్యూసీ) ల్యాబులో పని చేస్తున్నాను. మాది మాత్రలు తయారయ్యే ఫార్ములేషన్ వైపు, మీకు వచ్చింది ముడిమందు తయారయ్యే బల్క్ వైపు. అయినా చేరేవాడికి తెలియవలసిన సంగతి రెండు చోట్లా ఒకటే. "ట్రైనీ కెమిస్ట్" అన్న మాటకు దానంతట అదిగా అర్థం ఏమీ లేదు. ఆ పేరుతోనే ఒకరిని ప్రొడక్షన్‌లో రియాక్టర్ దగ్గర నిలబెడతారు, ఒకరిని ల్యాబులో కూర్చోబెడతారు, ఇంకొకరిని గోదాములో డ్రమ్ములు లెక్కపెట్టమంటారు. ముగ్గురి జీతం మొదటి ఏడాది ఒకటే ఉంటుంది. మూడేళ్ల తర్వాత ముగ్గురి దారులూ వేరవుతాయి.

ప్రొడక్షన్‌లో చేరితే రియాక్టర్‌లోకి సరుకు ఎక్కించడం, వేడి ఎంత, ఎంతసేపు అన్నది చూసుకోవడం, సెంట్రిఫ్యూజ్, డ్రయ్యర్ దాకా బ్యాచిని నడిపించి బ్యాచ్ రికార్డులో రాయడం పని. సాల్వెంట్ల వాసన, వేడి, నిలబడి చేసే పని ఎక్కువ. అయితే నాలుగేళ్లు గట్టిగా చేసినవాడికి ప్లాంటు మొత్తం అర్థమవుతుంది, షిఫ్టు ఇన్‌చార్జి అయ్యేది ఎక్కువగా వాళ్లే. క్యూసీలో చేరితే శాంపిళ్లు, టైట్రేషన్, తేమ పరీక్ష, కొన్ని నెలలు నమ్మకం కుదిరిన తర్వాత, మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీను. ఆ మెషీను మీద చెయ్యి తిరిగినవాడికి చౌటుప్పల్‌లోనే కాదు, జడ్చర్లలోనూ, పటాన్‌చెరులోనూ పని దొరుకుతుంది. గోదాము పని తక్కువది అని నేను అనను కానీ, కెమిస్ట్రీ చదివినవాడు అందులో రెండేళ్లు ఉండిపోతే తర్వాత ల్యాబుకు మారడం చాలా కష్టం.

కాబట్టి రేపు ఫోను చేసి, విభాగం పేరు ఆఫర్ లెటర్‌లో రాయించమని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే కొత్తగా వచ్చే పిల్లలు ఎక్కువగా దీని దగ్గరే దెబ్బతింటారు. ఫార్మాలో పని ఎంత ముఖ్యమో ఆ పని రాయడం అంత ముఖ్యం. చేసిన క్షణంలోనే రాయాలి, సాయంత్రం గుర్తు చేసుకుని రాయకూడదు. తప్పు పడితే దాని మీద ఒకే గీత గీసి, పక్కన సరైనది రాసి, కారణం, సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ అన్న వస్తువు ల్యాబులోకే రాకూడదు. తూకం యంత్రం ఇచ్చిన చీటీని రికార్డుకు అంటించాలి. కాలేజీలో ప్రాక్టికల్ రికార్డు రాసేటప్పుడు జవాబు ముందు వేసి రీడింగులు వెనక నుంచి కల్పించే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది. అక్కడ అది మార్కుల సంగతి. ఇక్కడ ఆడిట్‌కు వచ్చినవాళ్లు పట్టుకుంటే ఉద్యోగమే పోతుంది, ఆ బ్యాచి మందు తినేవాడి సంగతి అంతకంటే పెద్దది.

మిర్యాలగూడ పద్దులు

నేను ఒక రైసుమిల్లులో లెక్కలు చూస్తాను, అంతకుముందు ఒక పరిశ్రమలో జీతాల విభాగంలో చేశాను. తమ్ముడు అమ్మతో ఇరవై వేలు అని చెప్పాడు కనుక, ఆ లెక్క ఇప్పుడే సరిచేసుకోవడం మంచిది. మొదటి జీతం రోజున ఇంట్లో "మిగతాది ఏం చేశావు" అన్న ప్రశ్న వినవలసి రావడం చాలా బాధగా ఉంటుంది.

2,41,176ను పన్నెండుతో భాగిస్తే 20,098 వస్తుంది. అది కంపెనీకి మీ మీద అయ్యే ఖర్చు, మీ జీతం కాదు. నాకు తెలిసిన పద్ధతిలో విడదీస్తే నెల స్థూల జీతం 18,000, అందులో బేసిక్ 9,000 అయి ఉండాలి. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే 1,080. ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 585. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది 433. 18,000కు ఇవి మూడూ కలిపితే సరిగ్గా 20,098 అవుతుంది. గ్రాట్యుటీ రెగ్యులర్ ఉద్యోగికి అయిదేళ్లు నిండితేనే చేతికి వస్తుంది, కాబట్టి దాన్ని ప్రస్తుతానికి మరిచిపోవచ్చు.

ఇప్పుడు 18,000లోంచి మీ వంతు పీఎఫ్ 1,080, ఈఎస్ఐ 0.75 శాతం చొప్పున 135, వృత్తిపన్ను 150 పోతాయి. మిగిలేది 16,635. అమ్మకు చెప్పవలసిన అంకె ఇది. బస్సుకూ క్యాంటీనుకూ కోత ఉందేమో అడగండి.

పోయిన డబ్బంతా పోయినట్టు కాదు. కంపెనీ కట్టే 1,080లోంచి, బేసిక్ మీద 8.33 శాతం లెక్కన 750 పెన్షన్ పథకానికి వెళ్తుంది, మిగిలిన 330, మీ 1,080 కలిసి నెలకు 1,410 మీ పీఎఫ్ ఖాతాలో పడుతుంది. 2024-25కు దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. పనిలో దెబ్బ తగిలితే, రోగం వచ్చి మంచాన పడితే ఈఎస్ఐ ఆదుకుంటుంది. జీతం నెలకు 21,000 లోపు ఉన్నవాళ్లకే ఆ సదుపాయం కాబట్టి కార్డు రాగానే అమ్మానాన్నల పేర్లు కూడా ఎక్కించుకోండి.

అసలు చూడవలసింది ఒకటుంది. కాగితంలో "ట్రైనీ" అని ఉన్నా మీరు ఉద్యోగియేనా, లేక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద అప్రెంటిసా? ఆ చట్టం కింద తీసుకున్న అప్రెంటిస్‌కు పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు, స్టైపెండు మాత్రమే ఉంటుంది. మీ కాగితంలోని అంకె సరిగ్గా విడిపోయింది కనుక మీరు ఉద్యోగి అనే అనుకుంటున్నాను. అయినా జీతం ఇచ్చేది కంపెనీయా, మధ్యలో కాంట్రాక్టరా అన్నది కూడా తేల్చుకోండి. జీతం చీటీ మీద కాంట్రాక్టరు పేరు ఉంటే రేపు అనుభవ పత్రం ఇచ్చేది కూడా అతనే.

హుజూర్‌నగర్ ఫిట్టర్

పైన అన్నగారు చెప్పింది నిజమే కానీ, అప్రెంటిస్ అనగానే అదేదో మోసం అనుకోకూడదు. నేను ఐటీఐ చేసి సిమెంటు ఫ్యాక్టరీలో ఏడాది అప్రెంటిస్‌గా ఉన్నాను. చివర పరీక్ష పెట్టి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చారు. రైల్వేలో లెవెల్-1 పోస్టుల్లో రైల్వేలోనే అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు 20 శాతం కేటాయింపు ఉంది. నా బ్యాచివాడు ఒకడు అట్లా రైల్వేలో చేసి ఈ రోజు ఉద్యోగంలో ఉన్నాడు. సర్టిఫికెట్ వచ్చే అప్రెంటిస్ వేరు, రెండేళ్లు పని చేయించుకుని వట్టి చేతులతో పంపే "ట్రైనీ" వేరు.

అశోక్‌నగర్ ఆరో ఏడు

అందరూ చేరమనే చెబుతున్నారు కనుక రెండో పక్క నేను మాట్లాడతాను. ఉద్యోగం చేస్తూ చదువుతాను అనుకుని వెళ్లిన నా మిత్రులు చాలామంది మళ్లీ పుస్తకం ముట్టుకోలేదు. ఎనిమిది గంటలు నిలబడి, రానూ పోనూ రెండు గంటలు బస్సులో కూర్చుని గదికి వచ్చిన మనిషికి రాజ్యాంగం పుస్తకం తెరిస్తే రెండో పేజీలో నిద్ర వస్తుంది. వారం మారితే షిఫ్టు మారుతుంది కాబట్టి ఏ అలవాటూ నిలవదు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున ఎనిమిదికి కూర్చున్నవాడితో ఇతడు పోటీ పడాలి. ఇంత చదివి రెండు పరీక్షలు రాసినవాడు ఇప్పుడు వదిలేస్తే ఆ రెండేళ్లూ వృథా కావా?

మిర్యాలగూడ పద్దులు

మీరు ఆరో ఏడు అని పేరు పెట్టుకున్నారు కనుక కోపగించుకోకుండా వినండి. గ్రూప్-2 నోటిఫికేషన్ 783 పోస్టులకు 2022 డిసెంబరులో వచ్చింది, పరీక్ష 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో ఒకసారి, 2023 జూన్‌లో ఒకసారి రాసి రెండూ రద్దయిన తర్వాత, 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చి 2024 జూన్‌లో మూడోసారి రాశారు. తప్పు ఎవరిది అన్నది ఈ చర్చ కాదు. "ఇంకో ఏడాది" అని తమ్ముడు అంటున్న ఆ ఏడాది ఎంత పొడుగో అతని చేతిలో లేదు అన్నదే నా మాట.

అశోక్‌నగర్ ఆరో ఏడు

కోపం లేదు. ఆ మూడుసార్లూ రాసినవాళ్లలో నేను ఉన్నాను. ఇంట్లో అన్నకు కిరాణా దుకాణం ఉంది, గది అద్దె ఆయన కడతాడు, అందుకని నేను కూర్చోగలిగాను. తమ్ముడి ఇంట్లో ఆ వసతి లేదన్న సంగతి రాసేటప్పుడు నాకు తట్టలేదు. అది ఒప్పుకుంటాను. అయితే షిఫ్టు చేస్తూ చదవడం గురించి నేను చెప్పింది మాత్రం వెనక్కి తీసుకోను.

గద్వాల అక్క

తీసుకోవలసిన అవసరం లేదు, అది నిజమే. నేను ఫార్మాలో ఏడేళ్లు చేశాను. మొదట ప్యాకింగ్ లైను, తర్వాత క్వాలిటీ అస్యూరెన్స్. ఆడపిల్లను కంపెనీ బస్సు ఎక్కించడానికి మా ఇంట్లో ఆరు నెలలు పంచాయతీ నడిచింది, ఆ కథ వేరు.

నేను చూసినంతలో నైట్ షిఫ్టు వారంలో చదువు సాగదు, అది ముందే ఒప్పుకుని లెక్క వేసుకోవాలి. పొద్దున షిఫ్టు వారంలో సాయంత్రం మూడు గంటలు, మధ్యాహ్నం షిఫ్టు వారంలో ఉదయం మూడు గంటలు దొరుకుతాయి. నైట్ వారం నిద్రకే వదిలేయాలి. అంటే మూడు వారాల్లో రెండు వారాలు చదువు. నేను అట్లా చదివి దూరవిద్యలో ఎంబీఏ పూర్తి చేశాను. అది గ్రూప్స్ అంత పెద్ద పరీక్ష కాదు కాబట్టి పోల్చడం లేదు. తమ్ముడు ఇప్పటికే ఒకసారి సిలబస్ మొత్తం చదివి ఉన్నాడు, మొదటి నుంచి మొదలుపెట్టేవాడు కాదు. నోట్సు గదిలో వదలకుండా ఇంటికి తెచ్చుకో తమ్ముడూ. ఖాళీ చేసేటప్పుడు పాతపేపర్ల వాడికి అమ్మేసి తర్వాత ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

ఇంకో మాట, చౌటుప్పల్‌లో గది తీసుకుంటావా, నార్కట్‌పల్లి నుంచే తిరుగుతావా? హైవే మీద కంపెనీ బస్సు వస్తే ఇంటి నుంచి తిరగడమే మేలు. గది అద్దె, తిండి ఖర్చు పోతే 16,635లో ఇంటికి ఇచ్చేది ఏముంటుంది?

సాగర్ రోడ్డు వకీలు

బాండు గురించి, సర్టిఫికెట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండూ వేర్వేరు విషయాలు.

ఒరిజినల్ మెమోలు చూపించండి, నకళ్లు ఇవ్వండి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. వెరిఫికేషన్‌కు అవి ఒక పూట చాలు. వాళ్ల బీరువాలో రెండేళ్లు ఉండవలసిన పని లేదు. రేపు ఏ నోటిఫికేషన్ వచ్చి సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచినా మీరు కంపెనీ గేటు దగ్గర బతిమాలుకుంటూ నిలబడవలసి వస్తుంది. ఎంత చెప్పినా వినకపోతే, ఏయే మెమోలు, ఏ నంబర్లు, ఏ తేదీన తీసుకున్నారో కంపెనీ ముద్రతో రసీదు అడగండి. రసీదు ఇవ్వడానికి వెనకాడితే అప్పుడు మీకే అర్థమవుతుంది.

బాండు సంగతి కొంచెం చిక్కు. "బాండు చెల్లదు, సంతకం చేసి పారేయండి" అని స్నేహితులు చెప్పే మాట నమ్మకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినందుకు రాసుకున్న మొత్తానికి మించకుండా, న్యాయమైనంత పరిహారమే ఇప్పిస్తారు. అంటే రెండు లక్షలు అని రాసి ఉన్నంత మాత్రాన రెండు లక్షలూ రావాలని లేదు. కానీ ఏమీ కట్టనక్కరలేదని కూడా లేదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకముందే మానేసిన అధికారి 2 లక్షల రూపాయలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. కాబట్టి బాండు మొత్తం ఎంత, ఎన్ని నెలలు, ప్రభుత్వ ఉద్యోగం వస్తే మినహాయింపు ఉందా అన్న మూడు సంగతులు చదివి చూసుకోండి. చివరిది చాలామంది అడగరు, అడిగితే కొన్ని కంపెనీలు రాసి ఇస్తాయి. ఖాళీ స్టాంపు కాగితం మీద, ఖాళీ చెక్కు మీద మాత్రం సంతకం పెట్టవద్దు.

దేవరకొండ పాత పంతులు

నేను హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. పెద్దలు పెద్ద విషయాలు చెప్పారు, నేను చిన్న విషయం చెబుతాను. నాయనా, నీ పదో తరగతి మెమోలో పేరు ఎట్లా ఉంది, ఆధార్‌లో ఎట్లా ఉంది? మా బడి పిల్లల్లో ఎంతోమందికి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉండేది. పుట్టిన తేదీ కూడా బడిలో చేర్చిన రోజు పంతులు వేసింది ఒకటి, ఆధార్‌లో వేసింది ఒకటి. పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడు ఈ తేడా ఉంటే డబ్బు తీసుకునే రోజున మొదలవుతుంది తిరగడం. చేరకముందే మెమో ప్రకారం ఆధార్ సరిచేయించుకో. ఉద్యోగం మారినా పీఎఫ్‌కు ఇచ్చే యూఏఎన్ నంబరు అదే ఉంటుంది, అప్పుడు కొత్తది తీయవద్దని ఆ ఆఫీసులో చెప్పు.

అట్లాగే ఒకటి నుంచి ఏడు తరగతుల బోనఫైడ్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకో. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికులకు 95 శాతం పోస్టులు ఉన్నాయి, ఆ ఏడేళ్లలో ఎక్కడ ఎక్కువ కాలం చదివావో అదే నీ స్థానికత. మన నల్లగొండ యాదాద్రి జోన్‌లోకి వస్తుంది. ప్రైవేటు బడి మూతపడితే ఆ కాగితం కోసం మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరగవలసి వస్తుంది. ఉద్యోగంలో చేరిన తర్వాత దానికి సెలవు దొరకదు.

ఊళ్లో "డిగ్రీ చదివి కంపెనీలో లేబర్‌కు పోయిండు" అనేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఎవరూ నీ మెస్సు బిల్లు కట్టలేదు.

నార్కట్‌పల్లి పిలగాడు

ఆలస్యానికి క్షమించాలి, నాలుగు రోజులు కాగితాల చుట్టూనే తిరిగాను. మీరంతా చెప్పినవి ఒక కాగితం మీద రాసుకుని కంపెనీకి వెళ్లాను. మొదట హెచ్‌ఆర్ ఆయన విసుక్కున్నాడు, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడాడు.

విభాగం ప్రొడక్షన్. క్యూసీలో ఇప్పుడు ఖాళీలు లేవట. ఆరు నెలల తర్వాత ఖాళీ వస్తే లోపలివాళ్లకే ముందు పరీక్ష పెడతామన్నాడు, అది కాగితంలో రాయడానికి మాత్రం ఒప్పుకోలేదు. నేను ఉద్యోగినే, జీతం కంపెనీయే ఇస్తుంది, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి. చేతికి వచ్చేది మిర్యాలగూడ అన్నగారు చెప్పిన 16,635. అందులో బస్సుకు 400 కోత ఉంది. ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చారు. బాండు 50,000, పద్దెనిమిది నెలలకు తగ్గించారు. ప్రభుత్వ ఉద్యోగం మినహాయింపు అడిగితే నవ్వి, పెన్నుతో ఒక వాక్యం రాసి పక్కన సంతకం పెట్టాడు. వకీలు గారూ, అట్లా రాసింది చెల్లుతుందా?

ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. నిన్న నార్కట్‌పల్లిలో దరఖాస్తు పెట్టాను. అమ్మకు అసలు అంకె చెప్పాను. "పదహారా? అయితే చెల్లె ఫీజు నువ్వు చూసుకో, తోట నాన్న చూసుకుంటడు" అన్నది, ఇరవై అన్నప్పుడు కూడా ఇదే అన్నది.

సాగర్ రోడ్డు వకీలు

పెన్నుతో రాసినా కంపెనీ తరఫున సంతకం చేసే అధికారం ఉన్నవాడు సంతకం పెట్టి ఉంటే చెల్లుతుంది. ఆ పేజీ ఫొటో తీసి నీ మెయిల్‌కు నువ్వే పంపుకో, ఆయనకు కూడా ధన్యవాదాలు చెబుతూ ఒక మెయిల్ పంపి అందులో ఆ వాక్యాన్ని మళ్లీ రాయి.

జడ్చర్ల ల్యాబు అన్న

ప్రొడక్షన్ అయినా చేరండి. క్యూసీ కోసం ఆరు నెలలు ఆగేటప్పుడు ఒక పని చేయండి: మీ బ్యాచి శాంపిల్ ల్యాబుకు ఇవ్వడానికి వెళ్లిన ప్రతిసారీ అక్కడివాళ్లతో రెండు మాటలు మాట్లాడండి, ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నారో అడగండి. ఖాళీ వచ్చినప్పుడు వాళ్లకు ముఖం తెలిసినవాడు గుర్తుకు వస్తాడు. సేఫ్టీ బూట్లు కంపెనీ ఇచ్చేవి మొదట కరుస్తాయి, ఒక సైజు పెద్దవి అడిగి మందం మేజోళ్లు వేసుకోండి. రియాక్టర్ దగ్గర ముసుగు తీసి పనిచేసే సీనియర్లను చూసి మీరు తీయవద్దు.

గద్వాల అక్క

మొదటి వారం ఏ షిఫ్టు ఇచ్చారు?

నార్కట్‌పల్లి పిలగాడు

పొద్దున షిఫ్టే అక్కా. సోమవారం, బస్సు అయిదు గంటలకు బైపాస్ దగ్గరికి వస్తుందట. ఆదివారం అశోక్‌నగర్ వెళ్లి గది ఖాళీ చేసి నోట్సు తెచ్చుకుంటాను. ఆరో ఏడు అన్నా, మీరు అక్కడే ఉంటే నా కుర్చీ, టేబుల్ ల్యాంపు మీరు తీసుకోండి. ల్యాంపు స్విచ్ కొంచెం గట్టిగా నొక్కాలి.